వైజాగ్‌కి మెట్రో బదులు లైట్ రైల్ చాలదా? కాల్గరీలో రోజూ ఎక్కేవాడిగా నా జవాబు

వైజాగ్‌కి 46 కిలోమీటర్ల మెట్రో అంటున్నారు, అంత డబ్బు పోసే బదులు రోడ్డు మీదే నడిచే లైట్ రైల్ వేసుకుంటే పనవ్వదా అని అడిగారు. నా మట్టుకు అవుద్ది. కాకపోతే ఒక మెలిక ఉంది, అది తర్వాత చెప్తా, ముందే చెప్తే సగం మంది "మన దగ్గర కుదర్దులే" అని పక్కకెళ్లిపోతారు.

నాది గాజువాక. కాలేజీ రోజుల్లో 400 బస్సులో మద్దిలపాలెం దాకా నిలబడి వెళ్లినోడినే. ఇప్పుడు కెనడాలో కాల్గరీలో ఉంటున్నా, ఇల్లు సాడిల్‌టౌన్ స్టేషన్ దగ్గర, ఆఫీసు డౌన్‌టౌన్‌లో. ఇక్కడ రైలుని సీట్రెయిన్ అంటారు. ఊరి మధ్యలో కొచ్చేసరికి సెవెన్త్ అవెన్యూ అనే వీధిలో మామూలు రోడ్డు మీదే పోతుంది, ఆ వీధిలోకి కార్లు రానివ్వరు, రైళ్లూ బస్సులూ మాత్రమే. సిగ్నల్ పడితే రైలు కూడా ఆగుతుంది. ఆ వీధిలో ఎక్కి ఆ వీధిలోనే దిగితే టికెట్ కూడా అక్కర్లేదు.

మొన్నామధ్య అమ్మ వచ్చింది. మోకాళ్ల నొప్పులు. అంతకుముందు హైదరాబాద్‌లో మెట్రో ఎక్కింది కాబట్టి రైలు అనగానే భయపడిపోయింది, మెట్లుంటాయని (అక్కడ లిఫ్టులూ ఎస్కలేటర్లూ ఉన్నాయి, కాదనను, కానీ రోడ్డు మీంచి రెండంతస్తులు పైకెళ్లి అవతల మళ్లీ కిందికి దిగడం అనేది ఆ వయసులో పెద్ద పనే). ఇక్కడ ఫుట్‌పాత్ మీద నడుచుకుంటూ వచ్చాం, అదే కొంచెం ఏటవాలుగా పైకి లేచి ప్లాట్‌ఫాం అయిపోయింది, రైలొచ్చింది, తలుపు మీద బటన్ నొక్కితే తెరుచుకుంది, లోపలికి అడుగేసింది. "మెట్లేవీ లేవేట్రా నానా, ఇంతేనా?" అంది. ఇంతేనమ్మా అన్నాను. బయట మైనస్ ఇరవై, షెల్టర్‌లో హీటర్ బటన్ నొక్కడం నేర్చుకుని వెళ్లేదాకా ప్రతి స్టేషన్‌లోనూ అదే నొక్కుతూ కూర్చుంది.

సరే అసలు విషయానికొస్తా. చాలామంది అనుకునేది ఏంటంటే మెట్రో అంటే పెద్ద పెట్టెలు అందుకే ఖరీదు, లైట్ రైల్ అంటే చిన్న పెట్టెలు అందుకే చవక అని. ఖర్చంతా పెట్టెల్లో లేదండీ, పట్టా ఎక్కడ వేశారన్న దాంట్లో ఉంది. నేల మీదా, పిల్లర్ల మీదా, భూమి కిందా. దీనికి ఇక్కడే మంచి ఉదాహరణ ఉంది. మాకు మూడు గంటల దూరంలో ఎడ్మంటన్ అని ఇంకో ఊరు, ఆ రోజుల్లో జనాభా ఇంచుమించు కాల్గరీ అంతే. వాళ్లు 1978లో, కామన్వెల్త్ గేమ్స్ ముందు, మా కంటే ముందే లైట్ రైల్ మొదలెట్టారు, కానీ డౌన్‌టౌన్ కింద సొరంగం తవ్వారు. కాల్గరీ వాళ్లు 1981లో మొదలెట్టి, సొరంగం జోలికి పోకుండా వీధిలోనే పట్టాలేశారు. మిగిలిన డబ్బుతో 1985లో ఈశాన్యం వైపు, 1987లో యూనివర్సిటీ వైపు, అంటే 1988 వింటర్ ఒలింపిక్స్ నాటికి మూడు దిక్కులకీ లైన్లు. ఎడ్మంటన్ రైలు వాళ్ల యూనివర్సిటీకి చేరేసరికి 1992 అయ్యింది.

మరి కాల్గరీ తర్వాత ఏం చేసిందో కూడా చెప్పాలి, లేకపోతే నేను ఊరి డప్పు కొడుతున్నట్టుంటుంది. గ్రీన్ లైన్ అని కొత్తది మొదలెట్టారు. మొదట్లో 46 కిలోమీటర్లు, నాలుగున్నర బిలియన్ డాలర్లు అన్నారు (మన వైజాగ్ దూరమే, చూశారా). ఈసారి డౌన్‌టౌన్ కింద సొరంగం కావాలన్నారు. 2024కి వచ్చేసరికి అది 10 కిలోమీటర్లకి కుంచించుకుపోయి ఖర్చు మాత్రం 6.2 బిలియన్లయింది, ఆ సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఈ ప్లానుకి డబ్బులివ్వం అంది. అంటే పేరుకి లైట్ రైలే, కానీ భూమిలోకి దింపగానే ఖరీదులో మెట్రో అయి కూర్చుంది.

ఇప్పుడు మన లెక్క. వైజాగ్ మొదటి దశ 46.23 కిలోమీటర్లకి 11,498 కోట్లు అని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఓకే చేసింది. భాగిస్తే కిలోమీటరుకి దాదాపు 250 కోట్లు. కేంద్రం 2019లో మెట్రోలైట్ అని ప్రమాణాలు ఇచ్చింది, నేల మీద నడిచే మూడు పెట్టెల రైలు, మామూలు మెట్రో ఖర్చులో 40 శాతంలో అయిపోద్దని చెప్పింది, గంటకి ఒక వైపు 15 వేల మంది దాకా ఉండే రూట్లకి ఇది చాలంది. అదే డబ్బుకి రెట్టింపు పైనే దూరం వస్తుంది కదా, అప్పుడు పెందుర్తి వాళ్లకీ లైను వస్తుందేమో, మధురవాడ అవతల ఆనందపురం దాకా కూడా పోతుందేమో.

హైదరాబాద్ సంగతి వేరు. మియాపూర్, అమీర్‌పేట్ మధ్య ఆఫీసు టైంలో ఉండే జనానికి నేల మీద రైలు ఆనదు, అక్కడ మెట్రో కట్టడం తప్పని నేననను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. డౌన్‌టౌన్‌లో మా రైలు ఎంత నెమ్మదంటే, ఒక్కోసారి నాతో పాటు ఆఫీసు నుంచి బయల్దేరి నడిచొచ్చినాయన నాకంటే ముందు స్టేషన్ దాటి కనపడతాడు. అన్ని వైపుల రైళ్లూ అదే వీధిలో పోతాయి కాబట్టి ఒకటి ఆగితే వెనకాలవన్నీ ఆగుతాయి. మా ఈశాన్యం లైను రోడ్డు మధ్యలో పోతుంది, గేట్లు పడితే కార్లోళ్లు తిట్టుకుంటారు, నేనూ కార్లో ఉన్న రోజు తిట్టుకుంటా.

ఇక ఆ మెలిక. నేల మీద చవగ్గా పోవాలంటే రోడ్డులో ఆ ముక్క కార్ల దగ్గర్నుంచీ బళ్ల దగ్గర్నుంచీ లాక్కోవాలి. లాక్కోకపోతే కోల్‌కతా ట్రామ్‌లాగా ట్రాఫిక్‌లో ఇరుక్కుని, దాని వల్లే జామ్ అని చివరికి దాన్నే తిడతారు. మన బీఆర్టీఎస్ రోడ్డు చూశాం కదా, మధ్యలో బస్సులకని లేన్లు కట్టారు, అందులో బస్సులు తప్ప అన్నీ తిరిగాయి. సింహాచలం వెళ్తూ బండి అందులో దూర్చినోళ్లలో నేనూ ఒకణ్ణి. పిల్లర్లెక్కి పోవడానికి మనం కట్టే ఆ అదనపు కోట్లు చాలావరకు దీనికే, కింద ఎవర్నీ కదపక్కర్లేకుండా పైన పోవడానికి.

అందుకని నేనైతే స్టీల్‌ప్లాంట్ జంక్షన్ నుంచి కొమ్మాది దాకా హైవే మీద పోయే పెద్ద లైన్ పైన కట్టుకున్నా ఏమీ అనను, అక్కడ లారీలు, వేగం, దాన్ని వదిలెయ్యండి. అదే మెట్రో ప్లానులో గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు వరకు ఉన్న ఇంకో లైను ఐదు కిలోమీటర్లే. ఆ ఒక్కటీ నేల మీద వెయ్యమంటా, జగదాంబ దగ్గర కార్లు ఆపేసి. షాపులోళ్లు మొదటి నెల ధర్నాకి దిగుతారు, అది ఖాయం. కానీ అక్కడ ఇప్పుడు మాత్రం కారు పెట్టుకోడానికి చోటెక్కడుంది చెప్పండి?