స్టేడియం రెనొవేషన్‌కి స్టూడెంట్ ఫీజు పెంచుతామంటే ఒప్పుకోవాలా?

మీ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ స్టేడియం బాగుచేయడానికి స్టూడెంట్ ఫీజు పెంచాలా వద్దా అని ఓటింగ్ పెట్టారని, ఎటు వేయాలో తెలియట్లేదని రాశారు. నేను 2012లో అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్కిలీలో స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ ఎమ్మెస్‌కి చేరాను. అక్కడి మెమోరియల్ స్టేడియం రెనొవేషన్ పూర్తయి మళ్లీ తెరిచింది ఆ సెప్టెంబరు 1నే. నెవాడాతో ఆట. ఓడిపోయాం కానీ, దేశంకాని దేశంలో కొత్తగా దిగిన నాకు ఈ ఊరు నాది అని మొదటిసారి అనిపించింది ఆ గ్యాలరీలోనే. ఇలాంటి లాభం లెక్కల్లో కనపడదు, కానీ అది అబద్ధం కాదు.

ఇక కట్టడం సంగతి. 1923లో కట్టిన ఆ స్టేడియం కింద ఈ చివరి నుంచి ఆ చివరికి హేవర్డ్ ఫాల్ట్ (భూమి లోపలి పగులు) పోతుంది. 1868లో పెద్ద భూకంపం తెచ్చిన ఫాల్ట్ అది. భూకంపం లేకపోయినా ఏడాదికి సుమారు 5 మిల్లీమీటర్లు జరుగుతూనే ఉంటుంది. తొంభై ఏళ్లలో ఆ జరుగుడు గోడల్లో కంటికి కనిపించేంత అయింది. రెనొవేషన్‌లో పాత బయటి గోడను ఉంచి పడమటి వైపు గ్యాలరీని కొత్తగా కట్టారు. ఫాల్ట్ మీద పడే రెండు చోట్ల గ్యాలరీని మిగతా స్టేడియం నుంచి విడదీశారు. భూమి చీలితే ఆ ముక్కలు పక్కకు 6 అడుగులు, నిలువుగా 2 అడుగుల దాకా తమంతట తాము జరిగేలా డిజైన్ చేశారు. మా క్లాసులో దాని గురించి గంటలకొద్దీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఫ్రీమాంట్‌లో మా ఇంటికి దగ్గర్లోనూ అదే ఫాల్ట్ ఉంది కాబట్టి, వేలమంది కూర్చునే చోట ప్రాణభద్రతకి పెట్టిన ఖర్చును దండగ అని నేను ఎప్పటికీ అనను.

చిక్కంతా డబ్బు తెచ్చిన పద్ధతిలో వచ్చింది. స్టేడియానికి 32 కోట్ల 10 లక్షల డాలర్లు అయింది. పక్కన క్రీడాకారుల ట్రైనింగ్ సెంటర్ ఖర్చు వేరే. ఎక్కువ భాగం అప్పు. మంచి సీట్ల మీద 40, 50 ఏళ్ల హక్కులు అమ్మి ఆ అప్పు తీరుస్తామన్నది ప్లాన్. ఒక్కో సీటు 40 వేల డాలర్ల నుంచి 2 లక్షల 25 వేల దాకా. అమ్మకాలు అనుకున్నదానికి చాలా దూరంలో ఆగిపోయాయి. దానికి తోడు టీమ్ 2012లో 3 ఆటలు గెలిచి 9 ఓడింది, 2013లో ఒక్కటే గెలిచింది. వడ్డీ మాత్రం గెలుపోటములు చూడదు కదా! ఏడాదికి సుమారు 1 కోటీ 80 లక్షల డాలర్లు. చివరికి 2018లో భూకంప భద్రత పనుల తాలూకు అప్పును క్రీడా విభాగం నుంచి తీసి యూనివర్సిటీ తన నెత్తిన వేసుకుంది. 2021లో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో కంపెనీ మైదానానికి తన పేరు పెట్టుకోవడానికి పదేళ్లకు 1 కోటీ 75 లక్షల డాలర్లు ఇస్తానంది. మరుసటి ఏడాదే దివాలా తీసింది.

అందుకని మీరు ముందు అడగాల్సింది: ఇందులో భద్రతకెంత, ఖరీదైన బాక్సులకీ క్లబ్బులకీ ఎంత? రెండూ కలిపి ఒకే అంకె చెప్తే ఒప్పుకోకండి, విడగొట్టమనండి. కాలేజీ టీమ్ సొంత మైదానంలో ఆడేది ఏడాదికి ఆరేడు ఆటలే. మిగతా రోజుల్లో మామూలు విద్యార్థికి లోపలికి వెళ్లే వీలుంటుందా అన్నది కూడా అడగండి. సీట్లు అమ్ముడుపోకపోతే వడ్డీ ఎవరు కడతారో కాగితం మీద రాసివ్వమనండి. "దాతలు ఇస్తారు" అన్న మాట సరిపోదు. ఇస్తామని మాటిచ్చిన డబ్బు వేరు, చేతికొచ్చిన డబ్బు వేరు.

నేనైతే ఫీజు ఎన్నేళ్లు ఉంటుందో, ఏ తేదీతో ఆగుతుందో బ్యాలెట్‌లోనే ఉండి, ఆ డబ్బు భద్రత, మెట్లు, టాయిలెట్లు, స్టూడెంట్ సెక్షన్‌కే పోతుందంటే అవునని వేస్తాను. ముగింపు తేదీ లేకపోతే వద్దనే వేస్తాను. మీరు రెండేళ్లలో వెళ్లిపోతారు సరే, పార్ట్‌టైమ్ పని చేసుకుంటూ ఫీజులు కట్టే మన పిల్లలు ఆ తర్వాత కూడా అక్కడికి వస్తూనే ఉంటారు.