స్వరం ముగిసే తీరు

చిరంజీవి చెల్లెమ్మకు,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఫైల్ నిన్న రాత్రి మూడుసార్లు విన్నాను. డాంకీ కాంగ్ కంట్రీ వీడియోగేమ్‌లో నీటి అడుగున వచ్చే ‘ఆక్వాటిక్ యాంబియెన్స్’ ట్యూన్‌ని నింటెండో వాళ్ల పాత గేమ్ మెషీన్ ఫామికామ్ సౌండ్ చిప్ మీదికి తేవాలనుకోవడం నాకు చాలా నచ్చింది. నీ స్వరాల్లో తప్పేమీ లేదు. కానీ వింటుంటే నీళ్లలో తేలుతున్నట్టు లేదమ్మా, వెనక ఎవరో తరుముతున్నట్టు ఉంది. ఎందుకలా అయిందో నాకు తోచింది రాస్తున్నాను.

డేవిడ్ వైజ్ ఆ ట్యూన్ చేసింది సూపర్ నింటెండో కోసం. ఆట 1994లో వచ్చింది. ఆ మెషీన్ ఆడియో చిప్‌కి ఎనిమిది ఛానెళ్లు (అంటే ఒకేసారి పలికే గొంతులు), 64 కిలోబైట్ల మెమరీ, సొంతంగా ఎకో ఉన్నాయి. నీ దగ్గరున్నది 1983 నాటి చిప్. దాని ఛానెళ్లు ఐదే: చదరపు అలలు పలికే రెండు పల్స్‌లు, త్రికోణపు అల పలికే ఒక ట్రయాంగిల్, బుసబుసలాడే ఒక నాయిస్, చిన్న శాంపిళ్లకు, అంటే రికార్డు చేసిన శబ్దపు ముక్కలకు, డీపీసీఎం, అంతే. ఉన్నవి తక్కువ కాబట్టి ఏ ఛానెల్‌నీ క్షణం ఖాళీగా ఉంచకూడదనుకున్నావు. కార్డ్‌లోని, అంటే కలిసి పలకాల్సిన, మూడు స్వరాలనీ ఒకే పల్స్‌లో గిర్రున తిప్పే ఆర్పెజియో పెట్టావు. సెకనుకు 60 టిక్కుల్లో ఒక్కో టిక్కుకీ స్వరం మారితే కార్డ్ వినిపిస్తుంది, నిజమే. దాంతో పాటు ఒక గరగర కూడా వస్తుంది. పరుగులు పెట్టే ఆటలో ఆ గరగర అందంగా ఉంటుంది, ఇక్కడ మాత్రం టెన్షన్ పెడుతోంది. తీసేయ్. రెండో పల్స్‌లో ఆ మూడు స్వరాలనీ విడివిడిగా, తీరిగ్గా పలికించు. మూడోది వచ్చేసరికి మొదటిది చెవిలో ఇంకా మిగిలే ఉంటుంది.

అసలు సంగతి ఇది. ట్యూన్‌కి మెత్తదనం వచ్చేది స్వరం ముగిసే తీరులో. వీణ మీద మీటిన తీగ ఎలా సన్నగిల్లుతుందో ఒకసారి శ్రద్ధగా విను. నీ స్వరాలు మాత్రం కత్తెరతో కోసినట్టు ఆగుతున్నాయి. పల్స్‌కి 0 నుంచి 15 వరకు పదహారు వాల్యూమ్ మెట్లు ఉన్నాయి. మొదట్లో నేను వాటిని సమానంగా దించేవాణ్ణి, చివర్లో ఎప్పుడూ ఏదో తెగినట్టు ఉండేది. కారణం తెలియడానికి చాలా కాలం పట్టింది. 15 నుంచి 14కి దిగితే చెవికి దాదాపు తెలియదు. 2 నుంచి 1కి దిగితే ఉన్నదాంట్లో సగం పోతుంది. అందుకని పై మెట్లు త్వరగా దిగు, కింది మెట్ల మీద ఎక్కువసేపు నిలువు. 9 దగ్గర మొదలుపెట్టి 5 దాకా మూడేసి టిక్కులు, 4కీ 3కీ ఆరేసి, 2కి పది, 1కి ఇరవై ఇచ్చి చూడు. మొత్తం 57 టిక్కులు, సెకనుకు కాస్త తక్కువ. నేను ఈ లెక్కతోనే మొదలుపెట్టి తర్వాత చెవితో సరిచేసుకుంటాను.

చిప్‌లో ఎకో లేదని బాధపడకు. మెలొడీలో స్వరానికీ స్వరానికీ మధ్య దొరికే ఖాళీలో, దాటిపోయిన స్వరాన్నే వాల్యూమ్ 2తో మళ్లీ పలికించు. అదే ఛానెల్ సరిపోతుంది. నీ ఫైల్‌లో టెంపో 150, స్పీడ్ 8 ఉన్నాయి, అంటే స్వరాలు రాసే ఒక్కో వరసకి ఎనిమిది టిక్కులు, కాబట్టి మూడు వరసలు ఆగితే 0.4 సెకన్ల దూరం వస్తుంది. గుహలో పలికినట్టు ఉంటుంది. కానీ ఆ ఖాళీని ముందు నువ్వు మిగల్చాలి కదా!

ట్రయాంగిల్‌తో జాగ్రత్త. దాని గొంతు ఎంతో మెత్తన, కానీ దానికి వాల్యూమ్ మెట్లు లేవు. పలుకుతుంది లేదా ఆగుతుంది. బేస్ స్వరం ఆగే క్షణానే పల్స్‌లో కొత్త స్వరం మొదలయ్యేలా చూడు, ఆ తెగడం దాని చాటున దాగిపోతుంది. ఇంకొక కిటుకు ఉంది. డీపీసీఎం లెవెల్‌ని పైకి జరిపితే ట్రయాంగిల్, నాయిస్ రెండూ కొంచెం తగ్గుతాయి, ఎందుకంటే ఈ చిప్‌లో ఆ మూడూ ఒకేచోట కలుస్తాయి. పాట మొత్తానికి బేస్ కాస్త వెనక్కి జరగాలంటే అది చాలు.

ఇక డ్యూటీ, అంటే పల్స్ అల ఒక్కో చుట్టులో ఎంత శాతం సేపు పైన ఉంటుందో అది. 12.5 శాతం ముక్కుతో పాడినట్టు సన్నగా ఉంటుంది. 50 గుండ్రంగా, బోలుగా ఉంటుంది, మెలొడీకి అదే పెట్టు. మన ఇళ్లలో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ గేములు గుర్తున్నాయా? అవి ఫామికామ్‌కి క్లోన్లు. కొన్ని క్లోన్ చిప్‌లలో 25, 50 శాతం డ్యూటీలు తారుమారై ఉండేవి. అసలు మెషీన్ మొదటిసారి విన్నప్పుడు తెలిసిన పాటనే ఇంకెవరో పాడుతున్నట్టు అనిపించి నేను ఆశ్చర్యపోయాను. కాబట్టి చిన్నప్పుడు విన్న జ్ఞాపకాన్ని బట్టి డ్యూటీ ఎంచుకోకు, అన్నీ మార్చి మార్చి విను.

నాయిస్‌ని వాల్యూమ్ 2 దాటనీయకు. వైబ్రేటో స్వరం నిలదొక్కుకున్నాకే మొదలవ్వాలి, నువ్వు మొదటి టిక్కు నుంచే ఊపేస్తున్నావు.

ఈ వారం పాటంతా ముట్టుకోవద్దు. మొదటి ఎనిమిది బార్లు మాత్రం, ఒక్క పల్స్‌తో, ఎకోతో చేసి పంపు. ఆదివారం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటాను.

నీ అన్నయ్య