హెలికాప్టర్‌ని ఆఖరి రోజుకి పెట్టుకోకు

ఒరేయ్ కన్నా,

డిసెంబర్‌లో మీరిద్దరూ న్యూజిలాండ్ వెళ్తున్నారనీ, క్వీన్స్‌టౌన్ నుంచి మిల్ఫర్డ్ సౌండ్‌కి, అదే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఆ సముద్రపు పాయకి, హెలికాప్టర్ కూడా బుక్ చేశావనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం. కానీ తిరుగు ప్రయాణం రోజు పొద్దున పెట్టావట కదా, ముందు అది మార్చు.

మొదటిసారి వెళ్ళినప్పుడు మీ మావయ్యా నేనూ చేసిన పని సరిగ్గా ఇదే. ఐదు రోజులు ఎండ కాస్తుంటే పడవలెక్కుతూ కాఫీలు తాగుతూ తిరిగాం, పెద్ద ముచ్చట చివర్లో ఉంది కదా అని. ఆరో రోజు పొద్దున్నే తయారై వెళ్తే ఇవాళ ఎగరడం లేదన్నారు. ఊళ్ళో ఎండ ఫెళ్ళున కాస్తోంది! మీ మావయ్య కౌంటర్ దగ్గర వాళ్ళతో వాదించాడు కూడా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. డబ్బు మొత్తం వెనక్కిచ్చారు, కానీ మళ్ళీ వెళ్ళడానికి మాకు నాలుగేళ్ళు పట్టింది.

అక్కడి సంగతేంటంటే, టాస్మన్ సముద్రం మీంచి వచ్చే తడిగాలి సదరన్ ఆల్ప్స్ కొండల్ని తాకి, ఉన్న నీళ్ళన్నీ పడమటి వైపే దింపేస్తుంది. మిల్ఫర్డ్‌లో ఏడాదికి 6 మీటర్లకు పైగా వాన పడుతుంది, కొండలకి ఇవతల ఉన్న క్వీన్స్‌టౌన్ మాత్రం పొడిగా ఉంటుంది. అందుకని హోటల్ కిటికీలోంచి ఆకాశం చూసి ఏదీ అనుకోకు. వెళ్ళిన మర్నాటికే బుక్ చేసుకో, కుదరకపోతే ఆ తర్వాతి రోజుకి జరుపుకోవచ్చు. వాతావరణం వల్ల ఆపేస్తే డబ్బు తిరిగిస్తారా, ఇంకో రోజు ఇస్తారా అన్నది బుక్ చేసేటప్పుడే అడుగు. పొద్దుటి పూట అయితే మేలు, ఎక్కువగా గాలి కాస్త నెమ్మదిగా ఉంటుంది. రెండు రోజులు కుండపోతగా కురిసి ఆకాశం తెరిపిచ్చిందంటే అస్సలు వదలకు. ఆ రాతిగోడల మీద మామూలప్పుడు లేని జలపాతాలు వందల కొద్దీ పుట్టుకొస్తాయి, మేం రెండోసారి చూసింది అలాంటి పొద్దునే.

బరువు అడుగుతారు, చాలాచోట్ల ఎక్కే ముందు తూస్తారు కూడా. నిజం చెప్పు, అక్కడ మొహమాటం పనికిరాదు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆ లెక్కతోనే నిర్ణయిస్తారు, కాబట్టి ముందు సీటు కోసం పేచీ పెట్టకు. మీ ఆవిడకి ముందు సీటు వచ్చి నీకు వెనక మధ్యలో వస్తే నోరు మూసుకుని కూర్చో, నాకు తెలుసు నీ సంగతి.

ముదురు రంగు బట్టలు వేసుకోండి. తెల్ల చొక్కా అయితే అద్దంలో దాని నీడే కనిపిస్తుంది, తీసిన ప్రతి ఫొటోలోనూ నీ పొట్టే. ఫోన్‌ని అద్దానికి ఆనించకు, అదురు మొత్తం వీడియోలోకి వస్తుంది. నల్ల కళ్ళద్దాలు తప్పనిసరి, మంచు మీద ఎండ కళ్ళు తెరవనివ్వదు. మీ ఆవిడకి కార్‌లో కడుపులో తిప్పుతుంది కదా, డాక్టర్‌ని అడిగి మాత్ర ముందే వేసుకోమను. కిందికి కాకుండా దూరంగా ఉన్న కొండల వైపు చూస్తూ ఉంటే కూడా చాలావరకు సర్దుకుంటుంది.

మంచు మీద దిగే టూర్ తీసుకో. కొంచెం ఎక్కువవుతుంది, అయినా సరే. ఇంజన్ ఆపాక వచ్చే ఆ నిశ్శబ్దం లాంటిది నేనెక్కడా వినలేదు, అప్పుడప్పుడూ ఎక్కడో మంచు విరిగిన చప్పుడు తప్ప. ఉండనిచ్చేది కాసేపే, ఆ కాసేపూ సెల్ఫీలకి పెట్టకు. పైలట్ చూపించిన హద్దు దాటకు, పైన నున్నగా కనిపించే మంచు కింద పెద్ద పెద్ద పగుళ్ళుంటాయి. హెలికాప్టర్ దగ్గరికి ముందు వైపు నుంచి, పైలట్‌కి కనిపించేలా మాత్రమే వెళ్ళండి. తోక వైపు చస్తే పోకూడదు, అక్కడ తిరిగే చిన్న రెక్క కంటికి ఆనదు. టోపీ, చున్నీ ఉంటే తీసి బ్యాగులో పెట్టేయండి.

ఎగురుతున్నప్పుడు ఒక సంగతి గమనించు. పైన కొండ మీద మంచు నదిని చూస్తావు, కాసేపటికి కింద నిటారు గోడల మధ్య నల్లటి సముద్రపు నీళ్ళు. ఒకప్పుడు ఆ పై మంచులాంటిదే కిందిదాకా కొండని తొలుచుకుంటూ వచ్చింది, అది కరిగి వెనక్కి పోయాక ఆ లోయలోకి సముద్రం వచ్చింది. పేరుకి సౌండ్ అన్నారు గానీ, సౌండ్ అంటే నది కోసిన లోయలోకి సముద్రం వచ్చినది; ఇది మంచు నది తొలిచింది కాబట్టి అసలు సిసలైన ఫియోర్డ్. పడవలో వెళ్తే ఇదంతా అర్థం కాదురా, మెడ నొప్పి తప్ప.

ఒకవేళ రెండు రోజులూ ఆపేశారనుకో, టెన్షన్ పడకు. టె అనౌ అనే ఊరి నుంచి మిల్ఫర్డ్‌కి రోడ్డు సుమారు 120 కిలోమీటర్లు, కొండని తొలిచిన హోమర్ సొరంగం గుండా వెళ్తుంది. వానలో ఆ దారి ఇంకా బాగుంటుంది, కాకపోతే బయల్దేరే ముందు దారి తెరిచి ఉందో లేదో చూసుకో. అక్కడ శాండ్‌ఫ్లై అని చిన్న ఈగలు కుడతాయి, దురద వారం రోజులు పోదు, పూసుకునే మందు తీసుకెళ్ళు.

తేదీ మార్చగానే మెసేజ్ పెట్టు, మీ మావయ్య రోజూ అడుగుతున్నాడు. కౌంటర్ దగ్గర వాదించిన ముక్క మాత్రం ఆయన దగ్గర ఎత్తకు.

మీ అత్త