బాధల ఉన్నప్పుడు మొక్కలు పెంచుకో అంటరు, నిజంగ పనిచేస్తదా?

ఈ ప్రశ్న అడిగిన తమ్ముడు నాయిన పోయినంక మనసు మనసుల ఉంటలేదు, అందరు మొక్కలు పెంచు అంటున్రు, నల్గొండల కిరాయింట్ల ఉంటున్న, కుండీ పెట్టే జాగ గూడ లేదు అని రాసిండు. నాకైతే పనిచేసింది తమ్మీ, కాకపోతే యూట్యూబ్‌ల చెప్పినట్టు కాదు. బాధేం తగ్గలే. బాధ ఉండంగనే చేసేటందుకు ఒక పని దొరికింది, అంతే.

మాది జడ్చర్ల దగ్గర పల్లె. 2021 కరోనా సెకండ్ వేవ్‌ల మా నాయిన పోయిండు. ఆ వానకాలమే మా వాకిట్ల వేపచెట్టు కొసలకెళ్ళి ఎండుడు షురూ అయింది, మీకు యాదుంటది, మా ఊర్లనే కాదు తెలంగాణల యాడ చూసినా వేపలు అట్లనే మాడిపోయి కనపడ్డయి. మా అమ్మ అయితే పోచమ్మకు బోనం ఎత్తలే కదా, అమ్మవారికి కోపమొచ్చింది, ఇంటాయనను తీస్కపోయింది, ఇప్పుడు చెట్టును గూడ తీస్కపోతున్నది అని ఒకటే ఏడుపు. ఆమెకు ఏం చెప్పాల్నో నాకు తెల్వకపోయేది.

మా క్లస్టర్ ఏఈఓ సార్ (వ్యవసాయ శాఖ ఆఫీసరు) వచ్చి చూసి ఇది శాపం గాదమ్మా, ఫోమాప్సిస్ అని ఒక ఫంగసు, దానికి తోడు టీ దోమ అనే పురుగు లేత కొమ్మల రసం పీలుస్తది, కొసలు ఎండుతయి గాని చెట్టు సావదు, చాన మట్టుకు మల్ల చిగురేస్తయి అన్నడు. అంత పెద్ద చెట్టుకు పైకెళ్ళి స్ప్రే ఎవరు కొడతరు, అందుకే మొదట్ల పాది తీసి కార్బండజిమ్ అనే ఫంగసు మందు లీటరుకు 2 గ్రాముల లెక్కన కలిపి పోసినం, అందిన కాడికి ఎండు పుల్లలు కోసి కాలబెట్టినం. నిజం చెప్పాలంటే మందు సుక్క పోయని పక్కింటోళ్ళ చెట్టు గూడ చిగురేసింది, కాబట్టి క్రెడిట్ మాకేం రాదు.

కానీ ఆ పని వల్ల ఇంట్ల జరిగింది వేరే. అప్పటిదాంక మా ఇంట్ల మాట అంటే దవాఖాన, ఆక్సిజన్, ఆ రోజు ఇంకో గంట ముందు తీస్కపోతే ఏమయ్యేదో, ఇదే తిప్పి తిప్పి. చెట్టు పని మొదలైనంక అమ్మ నాతోని కొట్లాడుడు షురూ చేసింది, ఆ కొమ్మ ఎందుకు కోసినవ్ రా దాన్ల ఇంకా పచ్చి ఉండె, గోటితోని గీరి చూడకుండ కోస్తరా ఎవలన్న అని. నాకు మస్తు సంతోషమైంది, ఎందుకంటే నాయిన పోయినంక ఆమె వేరే దేని గురించన్న కోపం చేసుడు అదే మొదటిసారి. పొద్దున లేవంగనే ఇద్దరం వాకిట్లకొచ్చి తల పైకెత్తి చూసెటోళ్ళం, యాడన్న ఎర్ర చిగురు కనపడ్తదా అని. 2022 ఉగాదికి పచ్చడిల ఏద్దమంటే మా చెట్టుకు పువ్వు లేదు, అమ్మ లేత చిగురు తుంచి ఏసింది, నోట్ల పెడితే ఒకటే చేదు (పువ్వు నయం నిజంగ).

ఓపిక ఎట్ల ఉండాల్నో చూడాల్నంటే ఒకసారి మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి పో. 700 ఏండ్ల చెట్టంటరు, 3 ఎకరాల పైన పరుచుకుంది. 2017 చివర్ల చెదలు తిని పెద్ద కొమ్మ ఇరిగి పడ్డది, టూరిస్టులను బంద్ పెట్టిన్రు. ముందుగాల రంధ్రాలల్ల మందు పోస్తే బయటికే కారిపోయింది, 2018ల ఫారెస్టోళ్ళు క్లోరిపైరిఫాస్ అనే చెదల మందు కలిపిన నీళ్ళు సెలైన్ బాటిళ్ళల్ల నింపి కొమ్మలకు కట్టి సుక్క సుక్క ఎక్కించిన్రు. అచ్చం ఐసీయూల పేషెంటు లెక్క ఉండె. బరువు కొమ్మల కింద పిల్లర్లు కట్టిన్రు, ఊడలు నేల దాక దిగేటట్టు పైపులు పెట్టిన్రు. అసలు మొదలు ఏదో గుర్తుపట్టుడే కష్టం ఆ చెట్టుకు, ఊడల మీదనే బతుకుతున్నది.

ఇంకోటి, చెట్టుకు గాయమైతే మన తోలు మానినట్టు మానదు, ఆ జాగ మల్ల పాతగ కాదు. సచ్చిన కట్టె లోపల అట్లనే ఉంటది, దాని సుట్టు గోడ కట్టుకొని కొత్త బెరడు పైనకెళ్ళి కప్పుకుంటొస్తది. ఎవరన్న నీకు అంతా మామూలైతది అంటే ఇది చెప్పు.

మొక్కతోనే డిప్రెషన్ పోతది అనేటోళ్ళ మాట మాత్రం వినకు. రోజుల కొద్ది నిద్ర లేకున్నా, సావాలనిపించినా డాక్టర్ దగ్గరికి పో, లేదంటే మనసు బాగలేనోళ్ళ కోసం సర్కారు పెట్టిన టెలి మానస్ 14416కు ఫోన్ చెయ్, ఫ్రీనే, తెలుగుల మాట్లాడుతరు.

ఇగ జాగ లేదన్నవ్ కదా, సొంత కుండీ ఎందుకు, మీ గల్లీల హరితహారంల పెట్టిన మొక్క ఏదో ఒకటి సుట్టు పెట్టిన ట్రీ గార్డు ఒంగిపోయి దిక్కులేక ఉంటది, ఎండకాలం సాయంత్రం ఒక బకెట్ నీళ్ళు పొయ్, గార్డు నిలబెట్టు. కొత్తది పెడతానంటే వేప మంచిది, జూన్ జులైల పండు రాలంగనే గుజ్జు కడిగి గింజ నాటు, దాచి పెట్టుకోకు, కొన్ని వారాలు పోతే మొలవదు, ఇగ నర్సరీల కొనుక్కోవాల్సిందే.