గిటార్ రిఫ్ ముద్దగా రావడానికి కారణం ఆంప్ కాదు
డీప్ పర్పుల్ 1972 నాటి "స్మోక్ ఆన్ ది వాటర్" రిఫ్‌ని (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ బాణీ) లావు తీగల మీద పవర్ కార్డ్స్‌తో (మూల స్వరం, దాని పైన పంచమం కలిపి) వాయిస్తే ముద్దముద్దగా వస్తోంది, ఆంప్ (యాంప్లిఫయర్) మార్చాలా అని అడిగారు. అక్కర్లేదండీ. ఆ బ్యాండ్ గిటారిస్ట్ రిచీ బ్లాక్‌మోర్ అక్కడ వాయించేది ఫోర్త్‌లు, అంటే స-మ దూరంలో ఉండే స్వరాల జంటలు. పవర్ కార్డ్‌ని తిరగేసినట్టు, పంచమం కిందికొచ్చి మూల స్వరం పైన ఉంటుంది. అదీ పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) లేకుండా. డి, జి తీగలు రెండింటినీ వేళ్లతో ఒకేసారి లాగండి: ముందు ఓపెన్ (ఎక్కడా నొక్కకుండా), తర్వాత 3వ ఫ్రెట్ (మెట్టు), ఆపైన 5వది. పిక్‌తో అయితే ఒక తీగ తర్వాత ఇంకోటి మోగి, ఆ దెబ్బ పలచబడుతుంది.

ఆంప్‌లో గెయిన్ (శబ్దాన్ని గరుకుగా చేసే నాబ్) బాగా తగ్గించండి (ఎవరికీ మనసొప్పదు, తెలుసు). స్వరాన్ని ఎక్కడ ఆపుతున్నారో కూడా చూసుకోండి. వేళ్లు తీగ మీదే ఉంచి ఒత్తిడి వదిలితే శబ్దం ఠక్కున ఆగుతుంది. ఓపెన్ తీగలకైతే అరచెయ్యి ఆనించాలి.

సోలోకి తొందరేం లేదు. మొదలుపెట్టాక బెండ్లు (తీగని పక్కకి తోసి స్వరం పెంచడం) చెవితో సరిచూసుకోండి: జి తీగ 7వ ఫ్రెట్‌లో ఫుల్ బెండ్ చేస్తే 9వ ఫ్రెట్ స్వరంతో కలవాలి. ఉంగరం వేలితో తోసేటప్పుడు వెనక రెండు వేళ్లూ ఆసరా ఇవ్వండి.