కస్టమర్ ఎదురుగా నిలబడితే ఫైల్ దొరకట్లేదు

ప్రశ్న: మాది మండల కేంద్రంలో చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ షాపు సార్. ఆధార్, టెన్త్ మెమో, క్యాస్ట్ సర్టిఫికెట్ స్కాన్ చేసి అప్లోడ్ చెయ్యడమే రోజంతా పని. ఒక్కో ఫైల్ కోసం ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ తెరుచుకుంటూ పోవాల్సి వస్తోంది, డెస్క్‌టాప్ నిండా ఐకాన్లే. విండోస్ 11 వాడుతున్నా. ఏదైనా ఉపాయం చెప్పండి.
- ఒక పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: ముందు డెస్క్‌టాప్ ఖాళీ చెయ్యండి, అది సి డ్రైవ్‌లో ఉంటుంది కాబట్టి రేపు సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టి విండోస్ వేస్తే అవన్నీ పోతాయి. డి డ్రైవ్ ఉంటే అందులో కస్టమర్స్ అని ఒక ఫోల్డర్ పెట్టి, రైట్ క్లిక్ చేసి పిన్ టు క్విక్ యాక్సెస్ నొక్కండి. ఇక విండోస్ కీ + ఈ కొట్టగానే తెరుచుకునే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమ పక్కన కనిపిస్తుంది, అంతకంటే పెద్ద లాభం ఏంటంటే వెబ్‌సైట్‌లో అప్లోడ్ నొక్కితే వచ్చే బాక్స్‌లో, సేవ్ యాజ్ బాక్స్‌లో కూడా అదే పక్కన ఉంటుంది, ఒక్క క్లిక్కుతో అక్కడికి వెళ్ళిపోవచ్చు.

అసలు టైమ్ తినేది మాత్రం పేర్లండీ. స్కానర్ ఇచ్చిన స్కాన్ 001, స్కాన్ 002 అలాగే వదిలేస్తే సాయంత్రానికి ఏది ఎవరిదో మీకే తెలీదు. మొదటి ఫైల్ మీద ఎఫ్2 కొట్టి లక్ష్మి ఆధార్ అని టైప్ చేసి, ఎంటర్ కాకుండా ట్యాబ్ కొట్టండి, కింద ఫైల్ పేరు మార్చడానికి రెడీగా తెరుచుకుంటుంది, లక్ష్మి మెమో, మళ్ళీ ట్యాబ్, లక్ష్మి క్యాస్ట్, అలా మౌస్ ముట్టకుండానే పది ఫైళ్ళ పేర్లు అయిపోతాయి. తర్వాత వెతకాలంటే ఫోల్డర్‌లో ఏదో ఒక ఫైల్ మీద ఒకసారి నొక్కి, పేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలు గబగబా కొట్టండి, నేరుగా దాని మీదికి పోతుంది. ఆగి ఆగి కొడితే మాత్రం ప్రతి అక్షరాన్నీ కొత్త పేరు అనుకుంటుంది.

రోజుకో ఫోల్డర్ పెట్టుకుంటే (కంట్రోల్ + షిఫ్ట్ + ఎన్) తేదీని 2025-06-14 లాగా సంవత్సరం ముందు రాయండి. రోజు ముందు రాస్తే జూన్ 14, జులై 14 పక్కపక్కన చేరతాయి.

కావాల్సిన ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కళ్ళ ముందే ఉందా, దాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్ + షిఫ్ట్ + సి కొట్టి (ఆ ఫైల్ ఎక్కడుందో ఆ అడ్రస్ కాపీ అవుతుంది), అప్లోడ్ బాక్స్‌లో ఫైల్ నేమ్ దగ్గర పేస్ట్ చేసి ఎంటర్ కొట్టండి, చాలు. నాకైతే అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. ఒక ఫోల్డర్ పైకి రావాలంటే ఆల్ట్ + పై బాణం.

ఇంకో మాట, ఆ ఆధార్‌లు జనం మిమ్మల్ని నమ్మి ఇచ్చినవి. పని అయ్యాక షిఫ్ట్ + డిలీట్ కొట్టండి, ఉత్త డిలీట్ కొడితే రీసైకిల్ బిన్‌లోనే ఉంటాయి.

ప్రశ్న: మౌస్ జారి ఒక ఫోల్డర్ మాయమైపోయింది, డిలీట్ అయితే చెయ్యలేదు. ఎలా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కంగారు పడకండమ్మా, అది పక్కనున్న ఇంకో ఫోల్డర్‌లోకి పడి ఉంటుంది. ఇంకేమీ కదిలించకుండా వెంటనే కంట్రోల్ + జెడ్ కొడితే వెనక్కి వచ్చేస్తుంది. ఈపాటికే వేరే పనులు చేసేసి ఉంటే, చుట్టుపక్కల ఫోల్డర్లు ఒక్కోటీ తెరిచి చూడండి.