పొద్దున్నే ఖాళీ అయ్యే ఊళ్లో ఇల్లు తీసుకునే ముందు

చిరంజీవి వాసుకి ఆశీస్సులు.

నగరానికి రైలు దూరంలో ఉన్న చిన్న ఊళ్లో ఇల్లు చూశామనీ, అక్కడ నేరాలు ఎక్కువో తక్కువో ఎలా తెలుసుకోవాలనీ రాశావు. దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పేవాళ్ల మాట నమ్మకు. ఇలాంటి ఊళ్లో పొద్దున ఎనిమిదికల్లా సగం ఇళ్లకి తాళాలు పడతాయి, మళ్లీ తెరుచుకునేసరికి సాయంత్రం ఏడవుతుంది. అసలు సంగతంతా ఆ పదకొండు గంటల్లో ఉంది. జనం మాత్రం రాత్రికి భయపడి, పెట్టే ఖర్చంతా రాత్రి మీదే పెడతారు.

ముందు లెక్కలు ఎలా చదవాలో చెబుతాను. 8,000 జనాభా ఉన్న ఊళ్లో ఒక ఏడాది 12 ఇళ్లలో దొంగలు పడ్డారనుకో. మరుసటి ఏడు 20 ఇళ్లు. వెంటనే ఎవరో ఒకరు "దొంగతనాలు 67 శాతం పెరిగాయి" అంటారు. లెక్క తప్పని అనలేం గానీ, దాంట్లో సారం లేదు. 12 లాంటి చిన్న అంకె ఏ కారణమూ లేకుండానే ఒక ఏడు 6కి దిగుతుంది, ఇంకో ఏడు 18కి ఎక్కుతుంది. ఒక ముఠా వారం రోజులు మకాం వేసిపోయినా చాలు, ఆ ఏడాది అంకె తారుమారవుతుంది. అందుకని పోలీసుల దగ్గర ఐదేళ్ల అంకెలు అడుగు, కలిపి ఐదుతో భాగించు. తర్వాత జనాభాతో కాకుండా ఇళ్ల సంఖ్యతో పోల్చు, ఎందుకంటే దొంగ చూసేది ఇంటిని. ఐదేళ్లలో 70 దొంగతనాలు, ఊళ్లో 2,500 ఇళ్లు అనుకుంటే ఏడాదికి 14. అంటే సుమారు 180 ఇళ్లకి ఒకటి. ఇలా లెక్కేస్తే ఇంకో ఊరితో న్యాయంగా పోల్చుకోవచ్చు.

రైల్వే స్టేషన్ ఉన్న ఊళ్ల లెక్కల్లో ఇంకో చిక్కుంది. చుట్టుపక్కల పల్లెలవాళ్లు కూడా బళ్లు తెచ్చి స్టేషన్ దగ్గరే పెట్టి రైలెక్కుతారు. అక్కడ పోయిన ప్రతి బండీ ఈ ఊరి ఖాతాలో పడుతుంది, బండి గలవాళ్లు మాత్రం ఈ ఊరి జనాభాలో ఉండరు. అందుకే వాహన దొంగతనాల్లోంచి స్టేషన్ దగ్గరవి విడదీసి చూడకుండా ఊరికి చెడ్డపేరు పెట్టకు. అయితే నమోదు విషయంలో నమ్మదగ్గవి కూడా వాహనాల అంకెలే. బీమా డబ్బు రావాలంటే ఫిర్యాదు చెయ్యక తప్పదు మరి. సైకిల్ పోయిందనీ, దారిలో ఎవడో వెంటపడ్డాడనీ పోలీస్ స్టేషన్ మెట్లెక్కేవాళ్లు తక్కువ. వేధింపుల గడిలో సున్నా కనిపిస్తే రాయించినవాళ్లు లేరని మాత్రమే అనుకో. ఆ సంగతి కాగితాల మీద దొరకదు, రోజూ చివరి రైలుకి దిగే ఆడవాళ్లని అడగాలి.

వేళ విషయంలో చాలామంది బోల్తా పడతారు. పొద్దున ఎనిమిదికి తాళం వేసి రాత్రి ఏడున్నరకి వచ్చి చూసినవాళ్లు ఫిర్యాదులో ఏం రాయిస్తారు? తాము చూసిన వేళ. ఆ అంకెలన్నీ పోగేస్తే దొంగతనాలు సాయంత్రాలు జరుగుతున్నట్టు కనిపిస్తాయి, గస్తీ కూడా సాయంత్రమే పెడతారు. కాబట్టి అడిగేటప్పుడు "ఎప్పుడు జరిగింది" అని ఆపకు, "ఇంట్లోంచి ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు వచ్చి చూశారు" అని రెండూ అడుగు. ఆ రెంటి మధ్య పది పన్నెండు గంటల ఎడం ఉన్నవే ఎక్కువైతే అది పగటి దొంగల ఊరని ధైర్యంగా అనుకోవచ్చు. 1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో రెండో ప్రపంచయుద్ధం తర్వాత నేరాలు ఎందుకు పెరిగాయో వివరిస్తూ చెప్పింది ఇదే. ఇంటిల్లిపాదీ పనులకి వెళ్లి ఇళ్లు పగలంతా ఖాళీగా ఉండటం దొంగకి కలిసొచ్చింది. దొంగతనం చెయ్యాలనుకునేవాడు, తేలిగ్గా దొరికే వస్తువు, అడ్డుపడే మనిషి లేకపోవడం: ఈ మూడూ ఒకే చోట, ఒకే వేళ కలవాలి. మొదటిది నీ చేతిలో లేదు. రెండోదీ మూడోదీ చాలావరకు ఉన్నాయి.

ఇల్లు చూడటానికి ఆదివారం వెళ్లావని రాశావు. ఆ రోజు ఊరంతా ఇంట్లోనే ఉంటుంది కాబట్టి నీకేమీ తెలియదు. మంగళవారమో బుధవారమో పగలు పదకొండుకి వెళ్లు. ఆ వీధిలో పది నిమిషాలు ఊరికే నిలబడు. ఎన్ని ఇళ్లకి బయట తాళాలున్నాయో, ఎన్ని కిటికీలు తెరిచి ఉన్నాయో చూడు. "ఎవరు కావాలి బాబూ?" అని ఒక్కరైనా అడిగారా? అడిగితే ఆ వీధికి సగం మార్కులు వేసెయ్. పెద్దవాళ్లున్న ఇల్లు, ఇంటిదగ్గరే పనిచేసుకునే దర్జీ, వీధి మొదట్లో చిన్న కొట్టు ఉన్న వీధి, ఎత్తు గోడల కొత్త ఇళ్ల వీధి కన్నా నయం. ఖరీదైన వీధి అయితే భద్రమైనదని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో మనుషులు మెలిగే వీధే మేలు.

రెండోసారి రాత్రి చివరి రైలుకి దిగి, స్టేషన్ నుంచి ఇంటిదాకా నడువు. కోడల్ని కూడా తీసుకెళ్లు, ఆ దారిలో తనకి కనిపించేవి నీకు కనిపించవు. దీపాలు ఎన్ని ఉన్నాయన్న దానికన్నా వెలుగు ఎలా పరుచుకుందన్నది ముఖ్యం. కళ్లు జిగేల్మనే దీపం ఒకటి, దాని పక్కన కటిక చీకటి ఉంటే చీకట్లో నిలబడ్డవాడు అసలే కనబడడు. ఎదురుగా వచ్చే మనిషి ముఖం పది మీటర్ల దూరంలో పోల్చుకోగలిగితే ఆ వెలుగు చాలు. రెండు పక్కలా గోడలుండి మధ్యలో బయటికి తప్పుకునే సందు లేని దారి, రైలుపట్టాల కింది సొరంగం లాంటి దారి ఉంటే ఎంత పొడవో అడుగులతో కొలువు, చుట్టూ తిరిగి వచ్చే దారి ఉందేమో చూడు.

ఇల్లు వీధిలో ఎక్కడుందన్నదీ చూడాలి. వెనక ఖాళీ స్థలం, కాలవగట్టు, పట్టాలు ఉన్న ఇంటికి వెనక తలుపే అసలు ముఖద్వారం అనుకుని బందోబస్తు చెయ్యాలి. ప్రహరీ ఆరడుగుల గట్టి గోడ అయితే దూకేటప్పుడే దొంగకి కాస్త ఇబ్బంది, దూకాక అదే గోడ వాణ్ని దాస్తుంది. మూడడుగుల దాకా గోడ, ఆ పైన లోపలికి చూపు పోయే ఊచలు ఉండటం మంచిది. కిటికీల కింద మొక్కలు మూడడుగులు దాటనివ్వకు, చెట్ల కొమ్మలు ఏడడుగుల లోపు ఉంటే కొట్టించు. నిచ్చెన, గడ్డపార, పలుగు పెరట్లో వదిలేసి తాళం గురించి దిగులు పడేవాళ్లని ఏమనాలి!

ఇక తలుపులు. తాళం కొనేటప్పుడు అందరూ తాళం బరువు చూస్తారు. తన్నితే ముందు చీలేది గడియ దూరే చోట ఉన్న ద్వారబంధం చెక్క. అక్కడ బిగించే రేకుకి తాళం డబ్బాలో వచ్చే స్క్రూలు ముప్పావు అంగుళమే ఉంటాయి, చెక్క పైపొరని పట్టుకుంటాయంతే. అవి తీసేసి 3 అంగుళాల స్క్రూలు నాలుగు వేయించు. చెక్క వెనక ఇటుక గోడ ఉంటే స్క్రూ గోడలోకి దిగేలా రంధ్రం చేసి, ప్లగ్గు పెట్టి బిగించాలి. రేకు మడిచి చేసిన ఇనప బంధమైతే లోపల బోలుగా ఉంటుంది, తాళం వచ్చే చోట లోపలి వైపు ఇంకో మందపు రేకు వెల్డింగ్ చేయించు. గడియ కనీసం 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం, బయటికి రావాలి. తలుపుకీ బంధానికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటిందంటే ఆ మేరకు గడియ పట్టు తగ్గుతుంది, పలుగు మొనకి చోటు దొరుకుతుంది. వానకి ఉబ్బిందని చిత్రిక పట్టించిన తలుపు ఎండలకి కుంచించుకుపోతుంది, అప్పుడు ఈ సందు ఇంకా పెరుగుతుంది. కనక రెండు కాలాల్లోనూ కొలిచి చూడు.

తాళంచెవి దూరే సిలిండరు పైరేకు కన్నా 3 మిల్లీమీటర్లకి మించి బయటికి పొడుచుకు రాకూడదు. వస్తే పట్టుకారుతో పట్టి విరిచేస్తారు. దాన్ని తలుపులో నిలబెట్టే స్క్రూ దూరే చోట అది సన్నగా ఉంటుంది, విరిగేది అక్కడే. ఇంట్లో చేరిన మొదటి రోజే సిలిండర్లు మార్పించు, పాత తాళంచెవులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో ఇల్లు అమ్మినవాళ్లకే గుర్తుండదు. బయటికి తెరుచుకునే తలుపుకి బందుల పిన్నులు బయట కనిపిస్తాయి. అవి ఊడదీస్తే తాళంతో పనిలేకుండా తలుపు వచ్చేస్తుంది. పిన్ను ఊడని రకం బందులు వేయించు. వీలుకాకపోతే బందుల వైపు తలుపు అంచులో రెండు ఉక్కు పెగ్గులు దింపించి, వాటికి ఎదురుగా బంధంలో రంధ్రాలు పెట్టించు.

బయట గొళ్ళేనికి తాళంకప్ప వేలాడదీసే అలవాటుంటే మానుకో. ఇంట్లో ఎవరూ లేరని వీధికి చెప్పే బోర్డు అది. పైగా చాలా గొళ్ళేల స్క్రూలు బయటికే ఉంటాయి, తాళం జోలికి పోకుండానే ఊడదీయొచ్చు. మనిషి ఉన్నా లేకున్నా తలుపు బయటికి ఒకేలా కనిపించే లోపలి తాళం పెట్టించు.

పక్కకి జరిగే అద్దాల కిటికీలని పైకెత్తి ఊడదీస్తారు. పై పట్టాలో తలుపు ఎత్తడానికి వీల్లేకుండా రెండు స్క్రూలు కొంచెం కిందికి దించి పెట్టు, కింది పట్టాలో కొలతకి కోసిన కర్ర పడెయ్. ఊచల మధ్య సందు నాలుగంగుళాలు దాటనివ్వకు. అన్ని కిటికీలకీ కదలని ఊచలు మాత్రం వద్దు. నిప్పంటుకుంటే ఆ ఇల్లు పంజరమవుతుంది. ప్రతి అంతస్తులో ఒక కిటికీకైనా లోపలి నుంచి తెరుచుకునే గ్రిల్ పెట్టించి, తాళంచెవి దగ్గర్లోనే, బయటి నుంచి చెయ్యి అందని చోట తగిలించు. ఇంటిల్లిపాదికీ ఆ చోటు తెలియాలి. డాబా మీది తలుపుకీ కింది తలుపుకి వేసినంత తాళమే వెయ్యి.

కెమెరా గురించి నువ్వు ఎక్కువ రాశావు, నేను తక్కువే చెబుతాను. పన్నెండు అడుగుల ఎత్తులో పెడితే టోపీలు రికార్డవుతాయి. ఒకటైనా గుమ్మం దగ్గర ముఖం ఎత్తులో ఉండాలి. బిగించాక రాత్రి నువ్వే నడిచి, రికార్డయిన ముఖం గుర్తుపట్టగలవో లేదో చూసుకో. గడియారం సరిగ్గా ఉందా, కరెంటు పోతే ఏమవుతుంది, ఎన్నాళ్ల రికార్డు నిలుస్తుంది కనుక్కో. దాంతో వచ్చిన పాస్‌వర్డ్ వెంటనే మార్చు.

పొరుగువాళ్ల మీద పెట్టే శ్రద్ధకి కెమెరా కన్నా ఫలితం ఎక్కువ. పగలు ఇంట్లో ఉండేవాళ్లు ఎవరో కనుక్కుని ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోండి. వాళ్లకి మీరు వెళ్లే వేళ, వచ్చే వేళ, ఇంటికి వచ్చే పనివాళ్లు తెలిస్తే కొత్త మనిషిని ఇట్టే పోల్చుకుంటారు. దొంగలు పడ్డ ఇంట్లోనే కొద్ది వారాల్లో మళ్లీ పడే ప్రమాదం ఎక్కువ. లోపలి దారి వాడికి తెలిసిపోయింది, పోయిన వస్తువుల బదులు కొత్తవి వస్తాయనీ తెలుసు. ఆ పక్కిళ్లకీ ఆ రోజుల్లో ప్రమాదం పెరుగుతుంది. ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్ దగ్గర కిర్క్‌హోల్ట్ కాలనీలో 1980ల్లో ఈ సంగతి పట్టుకునే పనిచేశారు. దొంగలు పడ్డ ఇంటికి వెంటనే తాళాలు బాగుచేశారు, చుట్టూ ఉన్న అరడజను ఇళ్లవాళ్లని ఆ ఇంటి మీద కన్నేసి ఉంచమన్నారు, దొంగలకి ఎరగా మారిన, నాణేలు వేస్తే నడిచే గ్యాసు, కరెంటు మీటర్లు తీసేశారు. అక్కడ దొంగతనాలు బాగా తగ్గాయి. కనక మీ వీధిలో ఒకరింట్లో దొంగలు పడ్డారని తెలిసిన రోజే కదలాలి, నెలాఖరు సమావేశం దాకా ఆగకూడదు.

స్టేషన్ దగ్గర బండి పెట్టేటప్పుడు టికెట్ కిటికీకి కనబడే చోటు వెతుక్కో, పది అడుగులు ఎక్కువ నడిచినా ఫర్వాలేదు. హ్యాండిల్ తాళంతో సరిపెట్టక, చక్రాన్ని కదలని స్తంభానికి గొలుసుతో కట్టు. గొలుసు నేలకి ఆనకూడదు, ఆనితే నేల మీద పెట్టి సుత్తితో కొట్టడం తేలిక.

ఫోన్లో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య, వస్తుంది. అదీ, ల్యాప్‌టాప్ సీరియల్ నంబరూ, విలువైన వస్తువుల ఫోటోలూ ఇంట్లో కాకుండా ఇంకెక్కడైనా దాచుకో. ఎప్పుడైనా ఇంటికొచ్చి తలుపు తెరిచి ఉండటం చూస్తే లోపలికి వెళ్లకు, ఇంట్లోవాళ్లని పేరు పెట్టి పిలవకు. వీధిలోకి వచ్చేసి, పోలీసులకి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా గడప, గడియ, సొరుగులు ముట్టుకోకు.

బయానా ఇచ్చేలోపు మూడు పంపు. వెనక తలుపు మూసి ఉండగా సందు కనబడేలా ఫోటో, స్టేషన్ నుంచి ఇంటికి నువ్వు నడిచిన దారి గీసిన కాగితం, బుధవారం పగలు ఆ వీధిలో తాళం వేసిన ఇళ్లెన్నో లెక్క. చూసి ఏం చెయ్యాలో రాస్తాను.

మీ బాబాయి